శంషాబాద్‌లో దిగాక: ముందు దారి, తర్వాత బండి

రాత్రి ఒంటిగంటన్నర. శంషాబాద్ విమానాశ్రయం బయటి ద్వారం దగ్గర నలుగురు నిలబడి ఉన్నారనుకోండి. ఒకరి ఇల్లు కొండాపూర్. ఇంకొకరిది మలక్‌పేట. ఒక అబ్బాయి వరంగల్ వెళ్లాలి. నాలుగో ఆయన మూడేళ్ల తర్వాత దుబాయ్ నుంచి జగిత్యాల దగ్గరి సొంతూరికి వస్తున్నాడు. నలుగురూ ఫోన్‌లో వెతికేది ఒకటే: ఎయిర్‌పోర్టు నుంచి సిటీకి ఎలా వెళ్లాలి? దొరికే జవాబూ ఒకటే. క్యాబ్ ఉంది, బస్సు ఉంది, ప్రీపెయిడ్ ట్యాక్సీ ఉంది, దీనికి ఇంత, దానికి ఇంత.

ఆ జవాబు తప్పు కాదు. కానీ ఆ నలుగురిలో ఎవరికీ పూర్తిగా పనికిరాదు. హైదరాబాద్‌లో ‘సిటీ’ అనే చోటు ఒకటి లేదు. గచ్చిబౌలి వాళ్లకు గచ్చిబౌలే సిటీ, దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకు దిల్‌సుఖ్‌నగరే. ఈ రెండింటికీ విమానాశ్రయం నుంచి దారులే వేరు. అందుకే నేను చెప్పదలుచుకున్న మాట ఒకటే: ముందు మీ ఇల్లు ఏ దారిలో ఉందో తేల్చుకోండి, ఆ తర్వాత బండి సంగతి చూడండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు యాప్ తెరుస్తారు, అందులో కనిపించిన రేటు చూసి ఉలిక్కిపడతారు, ఆ కంగారులో ఏదో ఒకటి ఎక్కేస్తారు.

ఈ చిక్కు 2008లో మొదలైంది. ఆ ఏడాది మార్చి దాకా విమానాలు బేగంపేటలో దిగేవి. అది నగరం నడిబొడ్డు. అమీర్‌పేట వెళ్లాలన్నా సికింద్రాబాద్ వెళ్లాలన్నా ఆటో చాలు. శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్నాక ఒక్కసారిగా పాతిక కిలోమీటర్ల దూరం వచ్చి పడింది. దాదాపు 5,500 ఎకరాల స్థలం కావాలంటే నగరం లోపల దొరకదు. అందుకని దక్షిణాన, బెంగళూరు హైవేకీ శ్రీశైలం రోడ్డుకీ మధ్య కట్టారు. ఔటర్ రింగ్ రోడ్డులో గచ్చిబౌలి, శంషాబాద్ మధ్య ముక్క 2008 చివర్లో వాడుకలోకి వచ్చింది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబర్‌లో తెరిచారు. అంటే విమానాశ్రయం ముందు, దానికి తగిన రోడ్లు తర్వాత. రైలు మాత్రం ఇప్పటికీ టెర్మినల్ దాకా రాలేదు. నగరానికి వెళ్లే వాళ్లంతా రోడ్డు మీదే ఆధారపడాల్సి రావడానికి కారణం ఇదే.

నాలుగు దారులు

విమానాశ్రయం నుంచి బయటపడ్డాక బండి పోయే దారులు ముఖ్యంగా నాలుగు.

మొదటిది పడమటి దారి, ఔటర్ రింగ్ రోడ్డు. గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, హైటెక్ సిటీ, కొండాపూర్, కూకట్‌పల్లి, మియాపూర్, పటాన్‌చెరు వాళ్లది ఈ దారి. టోల్ కట్టాలి. ద్విచక్ర వాహనాలను రానివ్వరు. సిగ్నళ్లు లేవు కాబట్టి గచ్చిబౌలి దాకా అర్ధరాత్రైనా సాయంత్రమైనా సమయంలో పెద్ద తేడా ఉండదు, అరగంట నుంచి ముప్పావు గంట. అసలు ఇబ్బంది ఔటర్ దిగాక మొదలవుతుంది. సాయంత్రం ఆరున్నరకు గచ్చిబౌలిలో దిగి కొండాపూర్ చేరడానికి పట్టే సమయం, ఔటర్ మీద పాతిక కిలోమీటర్లకు పట్టిన సమయాన్ని దాటిపోవచ్చు.

రెండోది ఆరాంఘర్ మీదుగా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి మెహిదీపట్నంలో దిగే దారి. మాసబ్‌ట్యాంక్, బంజారాహిల్స్, పంజాగుట్ట, అమీర్‌పేట, బేగంపేట ఈ వరసలో వస్తాయి. ఇక్కడ కొత్తవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. రాజేంద్రనగర్, ఉప్పర్‌పల్లి, అత్తాపూర్ వాళ్ల ఇళ్లు ఎక్స్‌ప్రెస్‌వే కిందే ఉంటాయి. అక్కడ చిరునామా కూడా పిల్లర్ నంబర్‌తోనే చెబుతారు. బండి పైకెక్కితే ఆ పిల్లర్లన్నీ మీ కాళ్ల కింద నుంచి వెళ్లిపోతాయి. మధ్యలో దిగడానికి ర్యాంపులున్నా, డ్రైవర్‌కు ముందే చెప్పకపోతే మెహిదీపట్నం దాకా వెళ్లి వెనక్కి రావాల్సి రావచ్చు. ఆరాంఘర్ చేరేలోపే, పైన పోవాలో కింద పోవాలో చెప్పేయండి.

మూడోది పాతబస్తీ దారి. ఆరాంఘర్ నుంచి జూపార్క్, బహదూర్‌పురా మీదుగా అఫ్జల్‌గంజ్ వైపు. ఈ దారి ఏళ్ల తరబడి ఇరుకు. 2025 జనవరిలో ఆరాంఘర్, జూపార్క్ మధ్య నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరిచాక పరిస్థితి మారింది. పాత లెక్కలు గుర్తుపెట్టుకుని ‘అటు వద్దు, జామ్ అవుతుంది’ అనే బంధువులు ఇంకా ఉన్నారు. చార్మినార్, నాంపల్లి, కోఠి వైపు వాళ్లు ఇప్పుడొకసారి మ్యాప్ చూసి మరీ నిర్ణయించుకోవడం మంచిది.

నాలుగోది తూర్పు దారి. చాంద్రాయణగుట్ట మీదుగా ఎల్బీనగర్, అక్కడి నుంచి నాగోలు, ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్. దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురం, హబ్సిగూడ వాళ్లదీ ఇదే. మలక్‌పేట ఆయన చాంద్రాయణగుట్ట దాటాక సంతోష్‌నగర్, సైదాబాద్ వైపు తిరగాలి. నాలుగు దారుల్లో పగటిపూట సమయం అంచనాకు అందనిది ఇదే. కూడళ్లు ఎక్కువ, లారీలు ఎక్కువ, పగలు గంటన్నర పట్టేది రాత్రి రెండింటికి ముప్పావు గంటలో అయిపోతుంది.

సికింద్రాబాద్ వాళ్లకు మాత్రం రెండు దారులూ తెరిచే ఉంటాయి, మెహిదీపట్నం మీదుగానూ వెళ్లొచ్చు, ఉప్పల్ మీదుగానూ వెళ్లొచ్చు. దూరం కొంచెమే తేడా. ఏ పూట ఏది ఖాళీగా ఉందో మ్యాప్ చెబుతుంది, దాన్ని నమ్మొచ్చు.

క్యాబ్ కిరాయి అంత ఎందుకవుతుంది

ఎక్కువ మంది టెన్షన్ పడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు వెళ్లేటప్పుడు యాప్‌లో ఒక రేటు, వచ్చేటప్పుడు అదే దూరానికి ఇంకో రేటు. మోసం జరుగుతోందేమో అనిపిస్తుంది. ఎక్కువసార్లు అది మోసం కాదు. ఆ బిల్లులో మీకు కనిపించని ఖర్చులు కొన్ని కలిసి ఉంటాయి.

డ్రైవర్ కోణం నుంచి చూడండి. ఎయిర్‌పోర్టులో గిరాకీ కావాలంటే అతను అక్కడ లైన్‌లో ఉండాలి. యాప్ ఆ లైన్‌ను ఫోన్‌లోనే నడుపుతుంది. పార్కింగ్ ప్రాంతం హద్దులోకి వచ్చినవాళ్లకు వరస నంబర్ ఇస్తుంది, ముందు వచ్చినవాళ్లకు ముందు ట్రిప్పు. విమానాలు తక్కువగా దిగే పూట ఆ వరస కదలదు. గంట, రెండు గంటలు కూర్చుంటాడు. ఆ సమయానికి అతనికి ఎవరూ డబ్బు ఇవ్వరు. ట్రిప్పు దొరికాక, అది శంషాబాద్ ఊళ్లోకో ఆరాంఘర్‌కో అయితే రెండు గంటల ఎదురుచూపు రెండు మూడు వందలతో ముగిసిపోతుంది. ఫోన్ చేసి ‘డ్రాప్ ఎక్కడ సార్?’ అని అడిగేది అందుకే. దగ్గరి దూరం వాళ్లకు క్యాన్సిల్ ఎక్కువ కావడానికి కారణం కూడా ఇదే.

దూరం ట్రిప్పుకు ఇంకో ఇబ్బంది. మియాపూర్‌లో మిమ్మల్ని దింపాక అర్ధరాత్రి అతనికి అక్కడ తిరుగు గిరాకీ దొరక్కపోవచ్చు. నలభై కిలోమీటర్లు ఖాళీగా రావాలి. డీజిల్‌దో సీఎన్జీదో ఖర్చు ఖాళీ బండికైనా అంతే. దీనికి తోడు ఔటర్ టోల్, ఎయిర్‌పోర్టులో బండి ఆగినందుకు పడే రుసుము, యాప్ కంపెనీ తీసుకునే వాటా. మీరు కట్టే కిరాయిలో మీ ప్రయాణం ఒక్కటే లేదు, అతని ఎదురుచూపులో కొంత, ఖాళీ తిరుగు ప్రయాణంలో కొంత కలిసి ఉన్నాయి. ఇవన్నీ లెక్కేస్తే తమకేమీ మిగలడం లేదని డ్రైవర్లు ఎన్నాళ్లుగానో అంటున్నారు. 2025లో తెలంగాణలో గిగ్ వర్కర్ల (యాప్‌ల ద్వారా పనిచేసే డ్రైవర్లు, డెలివరీ వాళ్ల) యూనియన్ ఎయిర్‌పోర్టు ట్రిప్పులు బహిష్కరించాలని పిలుపునివ్వడం దాకా వెళ్లింది. ప్రయాణికుడికి ఎక్కువ అనిపించేది డ్రైవర్‌కు తక్కువే కావచ్చు, ఒకే బిల్లులో ఈ రెండూ నిజం కావచ్చు.

ఇక సర్జ్. ఒకేసారి నాలుగు విమానాలు దిగాయి, లైన్‌లో బండ్లు తక్కువున్నాయి అంటే యాప్ రేటు పెంచుతుంది. 2025 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. రద్దీ వేళ యాప్ కంపెనీలు మూల కిరాయికి రెండింతల దాకా తీసుకోవచ్చు, రద్దీ లేనప్పుడు సగానికి తగ్గకూడదు. మూల కిరాయి ఎంతో నిర్ణయించాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. సరైన కారణం లేకుండా రద్దు చేస్తే, అది డ్రైవరైనా ప్రయాణికుడైనా, కిరాయిలో పది శాతం, వంద రూపాయలు దాటకుండా జరిమానా ఉండాలని కూడా అందులో ఉంది. కేంద్రం చెప్పినవి మార్గదర్శకాలు, రాష్ట్రం అమలు చేస్తేనే అవి మీ బిల్లులోకి వస్తాయి.

సర్జ్ కనిపించగానే బుక్ చేయకండి. ఈ మాట నేను గట్టిగా చెబుతాను. విమానాల గుంపు దిగిన పదిహేను ఇరవై నిమిషాలకు రద్దీ తగ్గుతుంది, రేటూ దిగుతుంది. సామాన్ల బెల్టు దగ్గర నిలబడి బుక్ చేయడం ఇంకో పొరపాటు. పెట్టె రావడానికి అరగంట పడుతుంది, ఈలోపు డ్రైవర్ వచ్చి చూసి, ఎదురుచూసి, రద్దు చేసుకుంటాడు. పెట్టెలు చేతిలోకి వచ్చాక, టెర్మినల్ బయటికి వచ్చాక, పికప్ జరిగే చోటు బోర్డు కంటికి కనిపించాక బుక్ చేయండి.

ప్రీపెయిడ్ ట్యాక్సీ ఇంత హెచ్చుతగ్గులకు లోనుకాదు. కౌంటర్లో డబ్బు కట్టి స్లిప్ తీసుకుంటారు, రేటు దూరాన్ని బట్టి ఉంటుంది, రాత్రి వేళ కొంత అదనం. మామూలు పూట యాప్ కన్నా ఎక్కువే. కానీ యాప్ సర్జ్‌లో ఉన్నప్పుడు రెండూ దాదాపు ఒకటైపోతాయి, అప్పుడు కౌంటరే మేలు. మీరు ఎక్కే డ్రైవర్ డబ్బు కోసం బేరమాడడు, గమ్యం దగ్గరైనా దూరమైనా వెనక్కి పోడు. ఫోన్ చార్జింగ్ అయిపోయినవాళ్లకు, ఇండియా సిమ్ ఇంకా పనిచేయని విదేశీ ప్రయాణికులకు, యాప్ వాడకం అలవాటు లేని పెద్దవాళ్లకు నేను కౌంటర్‌నే సూచిస్తాను. అయితే ఆ స్లిప్ ఇంటి దగ్గర దిగే దాకా డ్రైవర్‌కు ఇవ్వకండి. ప్రయాణం పూర్తయిందన్న రుజువు అదే.

డిక్కీ సంగతి కూడా ముందే ఆలోచించాలి. అమెరికా నుంచి వచ్చేవాళ్లకు చాలా టికెట్ల మీద మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. నలుగురి కుటుంబమంటే ఎనిమిది. మామూలు సెడాన్ డిక్కీలో పెద్ద పెట్టెలు రెండు పడతాయి, సీఎన్జీ సిలిండర్ ఉంటే ఒకటి పట్టడమే కష్టం. అందులో ఎక్కి ఒళ్లో పెట్టెలు పెట్టుకుని నలభై కిలోమీటర్లు రావడం కన్నా, మొదటే పెద్ద బండి తీసుకోవడం నయం. మా అక్క ఇద్దరు పిల్లలతో వచ్చినప్పుడు మేం ఈ లెక్క వేసుకోలేదు. వచ్చిన బండిని సామాన్లు పట్టక పంపేశాం, రెండోది వచ్చేసరికి రేటు పెరిగింది, పిల్లలు పెట్టెల మీదే నిద్రపోయారు.

పుష్పక్

ఆర్టీసీ పుష్పక్ బస్సులు ఏసీవి, ఇరవై నాలుగు గంటలూ తిరుగుతాయి. 2019 నుంచి ఈ సర్వీసులోకి ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. వీటి రూట్లు పైన చెప్పిన దారుల వెంటే ఉంటాయి: ఔటర్ మీదుగా గచ్చిబౌలి, జేఎన్టీయూ, మియాపూర్ వైపు ఒకటి, మెహిదీపట్నం, బేగంపేట మీదుగా సికింద్రాబాద్ వైపు ఒకటి, ఎల్బీనగర్, ఉప్పల్, తార్నాక మీదుగా సికింద్రాబాద్ వైపు ఒకటి. బస్సు ముందున్న బోర్డులో ‘సికింద్రాబాద్’ చూసి ఎక్కేయకండి. ఏ వైపు నుంచి పోతుందో అడగండి. దిల్‌సుఖ్‌నగర్ మనిషి మెహిదీపట్నం బస్సు ఎక్కితే నగరమంతా చుట్టాలి.

టికెట్ దూరాన్ని బట్టి మనిషికి కొన్ని వందలు. క్యాబ్‌తో పోలిస్తే చాలా తక్కువ. కానీ పోలిక అంతటితో ముగియదు, ఎందుకంటే బస్సు మీ ఇంటి ముందు ఆగదు. స్టాప్ నుంచి ఇంటికి ఆటో కావాలి. ఒక్కరే వస్తుంటే, చేతిలో ఒకటో రెండో సంచులుంటే, పుష్పక్‌కు మించింది లేదు. నలుగురు కలిసి వస్తే లెక్క మారుతుంది. టికెట్ మూడు వందలనుకుందాం, నలుగురికి పన్నెండు వందలు, పైన ఆటో. అదే డబ్బుకు చాలా చోట్లకు క్యాబ్ గుమ్మం దాకా వస్తుంది. ముగ్గురు అనేది హద్దు అని నా అంచనా, అంతకు మించితే బస్సులో మిగిలేది ఏమీ ఉండదు.

బస్సు ఎప్పుడొస్తుందో తెలియక క్యాబ్ ఎక్కేసేవాళ్లున్నారు. ఆర్టీసీ ‘గమ్యం’ యాప్‌లో బస్సు ఎక్కడుందో చూసుకోవచ్చు. అర్ధరాత్రి దాటాక బస్సుకూ బస్సుకూ మధ్య విరామం పెరుగుతుంది కాబట్టి ఆ పూట ఇది మరీ అవసరం.

మహిళలకు ఒక సంగతి చెప్పాలి. 2023 డిసెంబర్‌లో మొదలైన మహాలక్ష్మి ఉచిత ప్రయాణం పుష్పక్‌లో వర్తించదు. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వర్తిస్తుంది. అవి టెర్మినల్ గుమ్మం దగ్గర కాకుండా శంషాబాద్ ఊళ్లో, ఆరాంఘర్ చౌరస్తాలో దొరుకుతాయి. విమానాశ్రయంలో, అక్కడి గోదాముల్లో, హోటళ్లలో పనిచేసే ఎంతోమంది ఆడవాళ్లు రోజూ ఇలాగే ఆరాంఘర్‌లో బస్సు మారి వెళ్తారు. పగటిపూట, చిన్న సంచితో, ఖర్చు ముఖ్యమనుకునేవాళ్లకు ఇదీ ఒక దారే. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి.

పట్టాలు ఎందుకు రాలేదు

ఢిల్లీలో 2011 నుంచే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో ఉంది. మూడో టెర్మినల్ నుంచి న్యూఢిల్లీ స్టేషన్ దాకా ఇరవై నిమిషాలు. చెన్నైలో 2016లో మెట్రో విమానాశ్రయానికి చేరింది. మెట్రో గొప్పతనం వేగం కన్నా నమ్మకంలో ఉంది. సాయంత్రం ఆరున్నరకైనా అదే ఇరవై నిమిషాలు.

హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్‌లో మొదలై మూడు లైన్లతో 69 కిలోమీటర్లకు పెరిగింది కానీ విమానాశ్రయం దాకా రాలేదు. 2022 డిసెంబర్‌లో రాయదుర్గం నుంచి శంషాబాద్‌కు 31 కిలోమీటర్ల లైనుకు శంకుస్థాపన జరిగింది. ఏడాదికి ప్రభుత్వం మారింది, ఆ మార్గం పక్కకు పోయింది. పడమటి వైపు ఔటర్ ఉండగా అక్కడే మెట్రో ఎందుకు, పాతబస్తీ, తూర్పు ప్రాంతాల జనానికి ఉపయోగపడాలి అన్నది కొత్త ఆలోచన. 2024లో రాష్ట్ర మంత్రివర్గం నాగోలు నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా విమానాశ్రయానికి 36.8 కిలోమీటర్ల మార్గాన్ని ఆమోదించింది. నాలుగు దారుల్లో తూర్పు దారి ఎంత కష్టమో చూశాక, ఈ మార్పు సబబే అని నాకనిపిస్తుంది. ఐటీ ఉద్యోగికి ఔటర్ ఉంది. ఉప్పల్ వాసికి ప్రస్తుతం కూడళ్లే ఉన్నాయి.

అప్పటిదాకా బస్సునూ మెట్రోనూ కలిపి వాడుకోవచ్చు. సాయంత్రం ఏడింటికి దిగారు, అమీర్‌పేట వెళ్లాలి, చేతిలో ఒక చిన్న పెట్టె. పుష్పక్‌లో ఎల్బీనగర్ వచ్చి రెడ్ లైన్ ఎక్కితే నగరం మధ్యలోని ట్రాఫిక్ మొత్తం తప్పుతుంది. మాదాపూర్, జూబ్లీహిల్స్ వాళ్లు గచ్చిబౌలి వైపు వచ్చి రాయదుర్గంలో బ్లూ లైన్ పట్టుకోవచ్చు. పెద్ద సూట్‌కేసులతో మాత్రం ఈ పని పెట్టుకోకండి, స్టేషన్‌లో స్కానింగ్, మెట్లు, రద్దీ కలిసి ప్రాణం తీస్తాయి. అర్ధరాత్రి మెట్రో ఉండదు.

ఎంఎంటీఎస్ లోకల్ రైలు 2023 ఏప్రిల్ నుంచి ఫలక్‌నుమా దాటి ఉందానగర్ దాకా వస్తోంది. ఉందానగర్ స్టేషన్ శంషాబాద్ ఊరి పక్కనే. చవక, కానీ రైళ్లు తక్కువ, స్టేషన్ దాకా మళ్లీ ఆటో కావాలి. వేళలు చూసుకుని వెళ్లగలిగే ఓపిక ఉన్నవాళ్లకే.

హైదరాబాద్ ఊరే కానివాళ్లు

ఈ విమానాశ్రయంలో దిగే చాలామందికి హైదరాబాద్ మజిలీ మాత్రమే. వాళ్లకు నగరంలోకి వెళ్లడం అనవసరపు చుట్టు. ఊరికి పోవాలంటే ముందు నగరం మధ్యలోని పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌కు పోవాలన్న పాత అలవాటు వాళ్లకు రెండు గంటలు ఖర్చు పెట్టిస్తోంది.

విజయవాడ, సూర్యాపేట, ఖమ్మం వైపు వాళ్లు ఎల్బీనగర్‌లో దిగితే చాలు, ఆ బస్సులన్నీ అక్కడ ఆగుతాయి. వరంగల్, హనుమకొండ అబ్బాయికి ఉప్పల్. కరీంనగర్, జగిత్యాల, సిద్దిపేట వాళ్లకు సికింద్రాబాద్‌లోని జేబీఎస్ బస్టాండు. వికారాబాద్, చేవెళ్ల వైపైతే మెహిదీపట్నం. మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం వాళ్లకు విమానాశ్రయమే సగం దారి. బెంగళూరు హైవే బస్సులు ఆరాంఘర్, శంషాబాద్ మీదుగానే పోతాయి కాబట్టి వాళ్లు నగరం వైపు తిరగనే అక్కర్లేదు. కల్వకుర్తి, శ్రీశైలం వాళ్లు తుక్కుగూడ వైపు రావాలి.

ఇంటి నుంచి కారు వస్తుంటే డ్రైవర్‌కు ముందే చెప్పండి, ఊళ్లోకి రావద్దు, ఔటర్ మీదే రమ్మని. 158 కిలోమీటర్ల ఔటర్ నగరాన్ని చుట్టి అన్ని హైవేలనూ కలుపుతుంది. విజయవాడ హైవేకు పెద్ద అంబర్‌పేట, వరంగల్‌కు ఘట్‌కేసర్, కరీంనగర్‌కు శామీర్‌పేట, నిజామాబాద్‌కు మేడ్చల్ దగ్గర దిగాలి. టోల్ అవుతుంది, దూరం కాస్త ఎక్కువవుతుంది, కానీ చేరే సమయం ముందే చెప్పగలరు.

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లను తీసుకురావడానికి కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి ఇంటిల్లిపాదీ కారు మాట్లాడుకుని వస్తారు. రానూపోనూ కిరాయి, డ్రైవర్ భత్యం, విమానం ఆలస్యమైతే వెయిటింగ్. ఖర్చు మీద చూస్తే ఇది అన్నిటికన్నా ఖరీదైన పద్ధతి. కానీ మూడేళ్ల తర్వాత తండ్రిని చూడబోతున్న పిల్లల్ని ఇంట్లో ఉండమని ఎవరు చెబుతారు? అలా వచ్చేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకుంటే చాలు. విమానం దిగిన వేళకూ మనిషి బయటికి వచ్చే వేళకూ మధ్య ఇమిగ్రేషన్, సామాన్లు, కస్టమ్స్ కలిపి గంట పైనే పట్టొచ్చు. ఉచితంగా కారు ఆపనిచ్చేది కొద్ది నిమిషాలే. కారును దగ్గర్లో పార్కింగ్‌లో ఉంచి, ‘బయటికొచ్చా’ అన్న ఫోన్ వచ్చాకే పికప్ దగ్గరికి తీసుకురావాలి.

పచ్చ బోర్డు, పసుపు బోర్డు, తెల్ల బోర్డు

బయటికి రాగానే ‘ట్యాక్సీ కావాలా సార్, తక్కువకే దింపుతా’ అని వెంటపడేవాళ్లుంటారు. వాళ్ల బండి నంబర్ ప్లేట్ చూడండి. కిరాయి బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటాయి. ఎలక్ట్రిక్ కిరాయి బండికి ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. తెల్ల ప్లేటు సొంత బండిది, దాన్ని కిరాయికి తిప్పడం నిబంధనలకు విరుద్ధం. అంతకన్నా ముఖ్యమైనది బీమా. దారిలో ప్రమాదం జరిగితే, సొంత వాడకానికి తీసుకున్న పాలసీ మీద బీమా కంపెనీ అభ్యంతరం చెప్పగలదు. రెండు వందలు తగ్గుతాయని ఆ బండి ఎక్కితే ఆ భారం మీ కుటుంబం మీద పడుతుంది.

యాప్‌లో బుక్ చేసినా, డ్రైవర్ ‘యాప్‌లో రద్దు చేయండి, నేరుగా డబ్బిస్తే తగ్గిస్తా’ అంటే ఒప్పుకోకండి. రద్దు చేసిన క్షణం నుంచి మీరు ఏ బండిలో ఉన్నారో ఎవరి దగ్గరా రికార్డు ఉండదు. నంబర్ ప్లేటు, డ్రైవర్ ఫొటో సరిపోయాకే ఓటీపీ చెప్పాలి. ఒంటరిగా వచ్చే ఆడవాళ్లు ప్రయాణం లింకును ఇంట్లోవాళ్లకు పంపడంతో పాటు, తెలంగాణ పోలీసుల ‘టీ-సేఫ్’ సేవను వాడుకోవచ్చు, ప్రయాణమంతా వాళ్లు గమనిస్తూ ఉంటారు. ఆపద అనిపిస్తే 112.

మొదట చెప్పిన నలుగురి దగ్గరికి వస్తే, ఒంటిగంటన్నరకు కొండాపూర్ ఆయన యాప్‌లో సర్జ్ చూసుకుని ఔటర్ మీద క్యాబ్‌లో వెళ్తాడు, లేదా పుష్పక్‌లో గచ్చిబౌలి దిగి ఆటో ఎక్కుతాడు. మలక్‌పేట వాళ్లకు ఆ వేళ చాంద్రాయణగుట్ట రోడ్డు ఖాళీగా ఉంటుంది, ప్రీపెయిడైనా యాపైనా ముప్పావు గంటలో ఇల్లు. వరంగల్ అబ్బాయి ఉప్పల్ పుష్పక్ వచ్చేదాకా టెర్మినల్ దగ్గరే కూర్చుని, ఉప్పల్‌లో వరంగల్ బస్సు పట్టుకుంటాడు. జగిత్యాల ఆయన కోసం బయట కారు ఉంది. అందులో భార్య, తమ్ముడు, తను వెళ్లేనాటికి నడక రాని కూతురు. శామీర్‌పేట దాకా ఔటర్ మీద వెళ్తే తెల్లారి పొద్దెక్కే వేళకు ఊరు చేరతారు.